అద్దం ముందు తోకియే అనే మాట

జపాన్‌లో మా కనజావా ఊళ్లో కిమోనో కట్టేవాళ్లకు కొదవ లేదు. అయినా జనం తోకియే దగ్గరికే వస్తారు. కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేక కాదు. ఉన్నారు, ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది, కాకపోతే మూతి కాస్త ముడుచుకుని. జనం వచ్చేది చివర్లో ఆమె అనే ఒక్క మాట కోసం. వెనక ముడి బిగించి, భుజం మీద మడత సరిచేసి, మనిషిని అద్దం వైపు తిప్పి ఒక మాట అంటుంది. అంతే. ఆ మాట మోసుకుంటూ ఆడవాళ్లు వీధిలోకి దిగే తీరు చూడాలి!

'కిరేయ్' అన్న మాట మాత్రం ఆమె నోట రాదు. బాగుంది అనడానికి ఊరంతా వాడేది అదే. "దానికి నేనెందుకు, దారిన పోయే దానయ్య ఎవడైనా అంటాడు" అని కసురుకుంటుంది. పడుచుపిల్లలు వస్తే 'కవాయీ', ముద్దొస్తున్నావు, అని కూడా అనదు. స్నేహితురాళ్లు పొద్దున్నుంచీ అని అని ఆ మాటను అప్పటికే అరగదీసి ఉంటారు. నిటారుగా నిలబడే టీచరమ్మకు 'రిన్' అంటుంది, చలికాలం పొద్దుటి గాలిలాంటి మాట. పట్టు జరీలో నిండుగా వెలిగిపోయే హోటలు యజమానురాలికి 'అదెయకా', కళ్లు చెదిరే సొగసు. ఇక వయసు మళ్లినవాళ్లకు 'షిబుయి'. అంటే వగరు. అవును, పచ్చికాయ కొరికితే నాలుక పట్టేసే వగరే. ఆర్భాటం లేకుండా, చూడగా చూడగా రుచి తెలిసే అందానికి మావాళ్లు పెట్టుకున్న పేరది. ఆ మాట వింటే పెద్దావిడలు పొంగిపోతారు.

మసుయో పొంగిపోలేదు.

మసుయో చేపల మార్కెట్లో పీతలు అమ్ముతుంది. అరవై దాటేదాకా పెళ్లి ఊసే ఎత్తని మనిషి, పడవల ఇంజన్లు బాగుచేసే ఇవసేని చేసుకుంటోంది. ఆఫీసులో పెళ్లి నమోదు చేయించేది మర్నాడు పొద్దున. ఆ ముందురోజు మధ్యాహ్నం చుట్టాలకు భోజనాలు. దానికోసం వదిన కినుకో ఒక బూడిదరంగు కిమోనో ఎంచి, ఆమెను దగ్గరుండి తీసుకొచ్చింది. తోకియే ముచ్చటగా కట్టింది. అద్దం వైపు తిప్పింది.

"షిబుయి" అంది, ఎప్పటిలా ధీమాగా.

కినుకో చప్పట్లు కొట్టింది. మసుయో అద్దంలోకి చూసి, చెయ్యి వెనక్కి పోనిచ్చి ముడి లాగేసింది.

"అదేమిటమ్మా? బిగుతైందా?"

"బిగుతు కాదు, వగరు. ఊహ తెలిసినప్పట్నుంచీ అదే తింటున్నా. ఇవాళ నాకొద్దు తల్లీ."

సంచి అడుగునుంచి ఓ మూట తీసి చాప మీద విప్పింది. గుప్పున కర్పూరం వాసన. ఎర్రటి ఎరుపు, దాని మీద తెల్ల కొంగలు, చీలమండల దాకా వేలాడే చేతులు. పెళ్లికాని పిల్లలు వేసుకునే ఫురిసొదే అది. పెళ్లయిందంటే మళ్లీ ఒంటిమీదికి రాకూడదు. ఇరవయ్యో ఏట వేసుకోమని వాళ్లమ్మ కుట్టింది. ఆ చలికాలమే నాన్న పోయాడు. మసుయో రబ్బరు బూట్లు వేసుకుని ఆయన పీతల కొట్లో నిలబడింది. కిమోనో మూటలోనే ఉండిపోయింది.

"అయ్యయ్యో, మతిగానీ పోయిందా నీకు!" అని కినుకో లబలబలాడింది. "ఈ వయసులో ఎర్రదా? ఇవసే గారి అక్కలు వస్తున్నారే, నవ్విపోరూ?"

"నవ్వనీ వదినా. నాకు పెళ్లయిందా? రేపు పొద్దున దాకా కాలేదు. ఇంకెక్కడ తప్పు?"

"తప్పని కాదే! కాస్త సిగ్గుండక్కర్లేదూ?"

"సిగ్గుపడుతూ కూచుంటే పీతలు అమ్ముడుపోవు." మసుయో తోకియే వైపు తిరిగింది. "మీరు ఇది కట్టి, నన్ను చూసి మాట చెప్పండి. నిజమైన మాటైతే ఇలాగే వెళ్తాను. జాలిపడి అంటే మాత్రం నాకు తెలిసిపోతుంది. నిన్నటి పీతను ఇవాళ్టిదని అంటగట్టేవాళ్ల మధ్య బతికినదాన్ని. అప్పుడు ఆ బూడిదరంగుదే కట్టేయండి, మారుమాట్లాడను."

తోకియేకు చురుక్కుమంది. తను వయసును చూసి మాట తీసింది, మనిషిని చూడనేలేదు. ఇన్నేళ్ల పనిలో ఇదేం పాడు పొరపాటు! తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

చేతులు కడుక్కుని మళ్లీ మొదలుపెట్టింది.

"నడుంపట్టీ కాస్త కిందకి కట్టండి, వయసుకు తగ్గట్టుంటుంది" అని కినుకో సర్దిచెప్పబోయింది.

"మీరు కాసేపు ఊరుకోండమ్మా. సగం సగం కడితేనే నవ్వులపాలవుతుంది. ఇది పెళ్లికాని పిల్ల కిమోనో. ఆ పిల్లకు కట్టినట్టే కడతాను."

పట్టీ గుండెల దాకా ఎత్తి బిగించింది. వెనక ముడి రెక్కలు విప్పి భుజాలకు ఎత్తుగా నిలబెట్టింది. పొడుగాటి ఎర్ర చేతుల్లోంచి ఉప్పునీటికి పగిలిన మసుయో చేతులు బయటికి వచ్చాయి. వాటిని లోపలికి దాచబోతుంటే తోకియే ఆపేసింది. అద్దం వైపు తిప్పింది.

ఎప్పుడూ నాలుక చివరనే ఉండే మాటలు ఒక్కటీ సరిపోలేదు. అదెయకా చాలలేదు, రిన్ చాలలేదు. మిగిలింది 'ఉత్సుకుషీ', అచ్చమైన సౌందర్యం. మావాళ్లు కొండమీది మంచును చూసి అనుకుంటారు, పుస్తకాల్లో రాసుకుంటారు, ఎదుటి మనిషి మొహం మీద మాత్రం అనరు. అంత బరువైన మాట అంటే విన్నవాళ్లు ఎటు చూడాలో తెలియక తలవంచుకుంటారు.

"ఉత్సుకుషీ" అంది తోకియే.

మా దగ్గర మెచ్చుకోలు వింటే చెయ్యి అడ్డంగా ఊపి 'అబ్బే, ఎంతమాట, నేనెక్కడ' అనాలి. అనకపోతే పొగరంటారు. ఆ మాట కోసమే మెచ్చుకున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు. తోకియే ఆగింది.

మసుయో అద్దంలోకి చాలాసేపు చూసింది. కళ్లు నిండాయి. తుడుచుకోలేదు, తలా దించలేదు.

"అవును" అంది. "అలాగే ఉన్నాను."

ఆ తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు బార్లా తీసింది.

"రా వదినా. చుట్టుతోవైనా సరే, మార్కెట్ మధ్యనుంచే పోదాం."