పై అంతస్తు చువ్వలు

మా ఫోర్‌మన్ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను నజ్మా పేటలోని మా గదిలో బియ్యం కడుగుతున్నాను. నాతో ఉండే నిజామాబాద్ తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మన సైప్రస్ ఫోర్‌మన్ పోయిండట. లీవుకు పోయినకాడ గుండె ఆగిందట. ఆఫీసుల చెప్పిండ్రు."

"అయ్యో" అన్నాను. బియ్యం పొయ్యి మీద పెట్టాను. పప్పులో ఉప్పు లేదు, ఇద్దరం ఆ మాట ఎత్తకుండానే తినేశాం. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

ఆయన మాకు దుఖాన్ ఊళ్ళోని సైటులో పై అధికారి. ఈ ఎడారి దేశానికి చమురు డబ్బు వచ్చిపడుతున్న రోజులు, ఎటు చూసినా కొత్త గోడలే. హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు కలగలిపి తిట్టేవాడు. తిట్టినంత సేపూ తిట్టి, తన నీళ్ళ సీసా మన చేతికిచ్చేవాడు. ఒక్క విషయంలో మాత్రం మహా చాదస్తం. ముందు ముందు ఇంకో అంతస్తు వేసుకోవడానికి మేడ మీద పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తాం కదా, వాటికి సిమెంట్ పాలు పూసి గోనెసంచి చుట్టందే మమ్మల్ని బస్సెక్కనిచ్చేవాడు కాదు. "సముద్రపు గాలి! తుప్పు పడితే పై ఇల్లు మాఫీ, ఇక లేనట్టే. యల్లా, పూయండి!"

ఆ చాదస్తం ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఆయన దీవిని రెండు ముక్కలు చేశారు. అవతలి ఒడ్డు నుంచి సైన్యం దిగితే ఆయన భాషవాళ్ళు దక్షిణానికి పారిపోయారు, రెండో భాషవాళ్ళు ఉత్తరానికి చేరారు. ఖాళీ అయిన ఇళ్ళలో ఆ సైన్యం దేశం తన రైతులను ఓడల్లో తెచ్చి కూర్చోబెట్టింది. ఉత్తరాన ఆయన సొంత చేతులతో కట్టుకున్న ఇల్లుంది. కూతురి పెళ్ళికి తల్లిదండ్రులు పై అంతస్తు వేసివ్వడం వాళ్ళ ఆనవాయితీ. ఆ పిల్ల కోసం మేడ మీద చువ్వలు వదిలి, సంచులు చుట్టి వచ్చాడు. రేడియోలో రాజీ చర్చలన్న మాట వినబడితే చాలు, "ముందు ఓడల్లో వచ్చినవాళ్ళంతా ఓడెక్కాలి, తర్వాతే మాటలు" అనేవాడు.

ఒకసారి నా ఊరేదని అడిగాడు. నిజామాబాద్ జిల్లాలో గుంటూరు రైతుల క్యాంపు మాది. కాలువ వచ్చినప్పుడు మా తాత వచ్చి పొలం కొన్నాడు. నేను హైస్కూల్లో ఉండగా, అరవై తొమ్మిది ఉద్యమం రోజుల్లో, మా గోడల మీద వెళ్ళిపొమ్మని రాశారు. నేను పుట్టిందే అక్కడ, ఎక్కడికి పోను? "మా తాత డబ్బిచ్చి కొన్నాడు, ఎవర్నీ తరమలేదు" అన్నాను కాస్త గట్టిగానే.

తమ్ముడు నవ్వాడు. "కొన్నడు, నిజమే. అమ్మినోడు మా తాతనే. ఇష్టమయ్యి అమ్మిండా ఏంది?"

"మరి మీరిద్దరూ ఒకే పొయ్యి మీద ఎలా వండుకుంటున్నారు?" అన్నాడు ఫోర్‌మన్.

"నా కూరలో కారం ఎక్కువంటాడు సార్. అంతవరకే గొడవ" అన్నాను.

తర్వాత మా గ్యాంగులోకి ఒక వెల్డర్ వచ్చాడు, ఆ సైన్యం దేశంవాడు. అతని భాష ఫోర్‌మన్‌కి చిన్ననాటి నుంచీ వచ్చు, అయినా నెలల తరబడి చేతి సైగలతోనే పని చెప్పాడు. ఆ వెల్డర్ అన్న స్థిరపడింది ఫోర్‌మన్ ఊళ్ళోనేనని ఎలాగో తెలిసింది. వెల్డర్ లీవుకు వెళ్ళే ముందు ఫోర్‌మన్ తనే అతని దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, అతని భాషలో మాట్లాడాడు. ఇల్లుందో లేదో చూసి రమ్మన్నాడట. ఆయన ఒకరిని బతిమాలడం నేను చూసింది అదొక్కసారే.

వెల్డర్ ఫోటో తెచ్చాడు. ఇల్లుంది. అందులో ఓడలో వచ్చిన ఇంకో కుటుంబం ఉంది. ఆయన వదిలిన చువ్వల మీదే పై అంతస్తు లేచింది. బాల్కనీలో ఒకావిడ, చంకలో చంటిపిల్ల. కొడతాడేమోనని మేము దగ్గరికి జరిగాం. ఆయన ఫోటోలో ఆ కొత్త అంతస్తు పైన వేలు పెట్టాడు. అక్కడ మళ్ళీ చువ్వలు వదిలారు, వట్టివి. వెల్డర్‌తో ఏదో అని, అదే మాకు హిందీలో చెప్పాడు: "సిమెంట్ పాలు పూసి సంచి చుట్టుకోమని చెప్పు. అక్కడా సముద్రపు గాలే."

బస్సులో ఆయన పక్కన కూర్చుని, రేపు రాజీ కుదిరితే వాళ్ళ సంగతేమిటని అడిగాను.

"వచ్చినవాడు వచ్చిన ఓడలో పోవచ్చు. ఆ చంటిది ఏ ఓడలో వచ్చింది?" కాసేపు కిటికీలోంచి చూశాడు. "ఇల్లు నాదే. నా కూతురు శరణార్థుల కాలనీలో రెండు గదుల్లో ఉంది. ఇల్లు నాదే. ఆ పిల్లదీ ఆ ఊరే. ఈ రెండూ ఒకే కాగితం మీద రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు."

పుట్టిన ఊరు పుట్టినవాడిదేనని నా తరఫున అన్నది ఇల్లు పోయినవాడు. ఆయనకు ఆ రోజు థాంక్స్ అయినా చెప్పలేదు నేను.

మొన్న శుక్రవారం మేమిద్దరం మెసైమీర్ వెళ్ళాం. వెల్డర్ ఇప్పుడు అక్కడి సైటులో ఉన్నాడు, ఓవర్‌టైమ్ చేస్తున్నాడు. చెప్పాం. గ్లవ్స్ తీసి ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు.

"ఈసారి లీవులో ఆ ఇంటికెళ్ళాను" అన్నాడు వచ్చీరాని హిందీలో. "ముందే మా అన్న ద్వారా కబురు పంపాను, చువ్వలకు సంచులు చుట్టారు. అలా చుట్టమని ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది. ఈ ఇల్లు కట్టినాయన అని చెప్పాను. లోపలికెళ్ళి పిల్లదాని పాత దుప్పటి తెచ్చి, సంచి మీద ఇంకో చుట్టు చుట్టింది."

"ఆయనకు చెప్పినవా?" అన్నాడు తమ్ముడు.

"నేనొచ్చేసరికి ఆయన లీవుకెళ్ళిపోయాడు."

ఎదురుగా కొత్త మేడ మీద చువ్వలు వట్టిగా నిలబడి ఉన్నాయి. కాసేపటికి తమ్ముడు లేచి, సిమెంట్ బస్తాల వెనక గోనెసంచుల కోసం వెతకసాగాడు.