ఎడమ కాలికి పనిలేని బండి

“చాబీ ఓపారి ఇయ్యవే. గల్లీ మొదటి దాక పోయొస్త. గంతే.”

“కొడుకు వద్దన్నడని ఎన్నిసార్లు జెప్పాలయ్యా?”

“సరే తియ్.”

మా ఆయనా నేనూ ఆఖరిసారి మాట్లాడుకున్నది ఇదే. సరే తియ్ అని, పసుపు గుడ్డ భుజం మీద వేసుకుని, బకెట్ పట్టుకుని బండి తుడవడానికి మెట్లు దిగిపోయాడు. నేను తల కూడా ఎత్తలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. బండి తాళంచెవి, ఆ చాబీ, నా కొంగు ముడిలో ఉంది.

కొడుకు వద్దనలేదు. ఆ మాట నేను పుట్టించింది.

రేపు పొద్దున బండి కొనేవాళ్లు వస్తున్నారు. బండి నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం నేను పెట్టాలి. “బాపుకు నచ్చని బండి మనకెందుకమ్మా, సూసినప్పుడల్లా పానం గుంజుతుంది” అంటున్నాడు కొడుకు. నచ్చలేదని వాడికి చెప్పింది కూడా నేనే. నిజం నోటితో చెబుదామని మూడుసార్లు వాడి ముందు కూర్చున్నాను. మూడుసార్లూ చాయ్ తాగుతావా అని అడిగి లేచి వచ్చాను. అందుకే మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే. నువ్వు బడిలో రాసినట్టే రాయి బిడ్డా, కానీ నేనన్నది తగ్గించకు. మీ నాన్న ఇంటికి వచ్చేలోగా ఇది అయిపోవాలి.

మా ఆయన నలభై ఏళ్లు ఒక సేఠ్ ఇంట్లో కారు నడిపాడు. ఆ ఇంటి పిల్లలను బడికి తీసుకెళ్లాడు, మళ్లీ ఆ పిల్లల పిల్లలను తీసుకెళ్లాడు. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఇంజన్ చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కలేని రోజు వచ్చాక మానేశాడు. మానేసిన తర్వాత కూడా పొద్దున లేవగానే ఆయన చేయి గోడకున్న మేకు దగ్గరికి వెళ్లేది, అక్కడ చాబీ లేదని తెలిసినా.

నాకు మాత్రం ఆ పని అంటే సిగ్గు. మాకు అన్నం పెట్టింది అదేనని తెలుసు. అయినా సిగ్గే. మా చెల్లెలి బిడ్డ పెళ్లి మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో అయింది. సేఠ్ ఆ పూటకు బండి ఇస్తే, పెళ్లికూతురిని మా ఆయనే తెచ్చాడు. అందరినీ దించి, బండి ఒక పక్కన పెట్టి, చేతులు కడుక్కుని భోజనాల దగ్గరికి వచ్చాడు. వడ్డించేవాడు ఆయన తెల్ల యూనిఫారం చూసి, “డ్రైవర్లకు బయట పెడ్తున్నరు, గేటు కాడికి పో అన్నా” అన్నాడు. నాలుగడుగుల దూరంలో నేను ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పక్కన పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లున్నారు. ఆయన నా వైపు చూశాడు. ఈయన పెళ్లికూతురికి పెద్దనాన్న అని ఒక్కమాట అంటే అయిపోయేది. నేను ప్లేటులోకి చూశాను.

ఆయన గేటు దగ్గర తిని వచ్చాడు. ఇంటికి వచ్చాక, “బగారన్నం మంచిగుండె గదా” అన్నాడు.

ఆ రోజు నేను సిగ్గుపడాల్సింది నోరు పెగలనందుకు. నేనేమో స్టీరింగ్ మీద కోపం పెంచుకున్నాను. మాకంటూ ఒక బండి వస్తే ఈయన వెనక సీట్లో కూర్చోవాలి, వేరే ఎవరో నడపాలి, మా వాళ్లందరూ చూడాలి అని మనసులో పెట్టేసుకున్నాను.

ఆ బండి పోయిన దసరాకు ముందు వచ్చింది. కొడుకు గచ్చిబౌలి వైపు ఆఫీసులో పనిచేస్తాడు, అంత దూరం మోటార్‌సైకిల్ మీదే పోయి వస్తాడు. కారు తనకోసం కొనలేదు. ఆ సంగతి వంటింట్లో నాకొక్కదానికే చెప్పాడు.

“అమ్మా, ఇది హైబ్రిడ్ బండి. క్లచ్ లేదు, గేర్లు అవే పడ్తయ్. ఎడమ కాలుకు పనే లేదు. బాపు మోకాలు సూశే దీస్కున్న. ఇగ ఆయన్నే నడపమను.”

“నువ్వే జెప్పరాదుర?”

“నేనంటే మొహమాటపడ్తడు. నువ్వు జెప్పు.”

“జెప్తలే” అన్నాను.

మా ఇంట్లో తండ్రీ కొడుకుల మాటలు నా నోటి గుండానే పోతాయి. వాళ్లకు తగాదా ఏమీ లేదు. మా మామకూ మా ఆయనకూ మధ్య అంతే ఉండేది, మా అత్త నడుమ నిలబడి ఇటుది అటు చెప్పేది. ఒకే గదిలో ఉన్నా, “వాడు తిన్నడా అడుగు” అని ఆయన, “బాపు మందులేసుకున్నడా” అని వీడు. నేను లేకపోతే ఇద్దరూ టీవీ చూస్తారు. ఇన్నేళ్లు ఒకరి మాట ఒకరికి మార్చకుండా చేర్చాను. చేర్చాల్సిన ఈ ఒక్క మాటను మింగేశాను.

పూజ రోజు గుడి ముందు బండి నిలిపి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. “ఓనరుగారు బండెక్కి ముందుకు కదిలించండి” అన్నాడు పంతులు. కాగితాల మీద ఓనరును నేనే. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా ఆయన బండి ముందు నుంచి తిరిగి కుడివైపు తలుపు దగ్గరికి వెళ్లాడు. కుంటుతూనే, కానీ ఎంత తొందరగా వెళ్లాడో. చేయి చాచాడు. నేను గబగబా పోయి మోచేయి పట్టుకున్నాను.

“నువ్వద్దు. నీ కండ్లు మసకలని కొడుక్కు బుగులైతుందట. కొత్త బండి గదా” అని ఆయన చెవిలో అన్నాను.

ఇటు తిరిగి కొడుకుతో, “సప్పుడు లేని బండి నాకద్దంటుండు బాపు. మనసొప్పుతలేదట. నువ్వే కూసో” అన్నాను.

ఒక్క నిమిషంలో రెండు అబద్ధాలు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటే నేను అక్కడే దొరికిపోయేదాన్ని. వాళ్లు చూసుకోరని నాకు తెలుసు. నిమ్మకాయలు చిట్లాయి. వెనక తలుపు తీసి ఆయన్ను ఎక్కించాను. బండి ఎత్తు ఎక్కువ. రెండు చేతులతో ఎడమ కాలిని పైకి ఎత్తి లోపల పెట్టుకున్నాడు. ముందు సీటైతే అంత కష్టం ఉండేది కాదు. ఆ సంగతి అప్పుడే కనిపించింది, పట్టించుకోలేదు.

బండి మంచిదే. ఆ మాట కూడా చెప్పాలి. శాలిబండ గల్లీలో అద్దాలు మూసుకుని, గోడలకు తగలకుండా పిల్లిలాగా జారిపోతుంది. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ మీదే పోతుంది, ఇంజన్ లేవదు. చప్పుడు లేదు గనక ఎవరూ జరగరు, కొడుకు అద్దం దించి “జర జరగండి” అని బతిమాలుకోవాలి. ఖాళీ రోడ్డు మీద కంటే జామ్‌లోనే పెట్రోల్ తక్కువ తాగుతుంది, అదేం వింతో. లోపల ఒక తెర ఉంటుంది. దాని మీద చక్రాల నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి చక్రాలకు ఆకుపచ్చ గీతలు పారుతుంటాయి. నాకు చదువు రాదు కానీ ఆ బొమ్మ అర్థమయ్యేది.

మొదటి ఆదివారం నయాపూల్ మీద ఆగిపోయాం. ముందూ వెనకా బస్సులు, ఆటోలు, హారన్లు. మా బండిలో మాత్రం చీమ చిటుక్కుమనలేదు. మా ఆయన ముందుకు వంగి నాతో అన్నాడు, “బండి బందైంది. వానికి జెప్పు.”

“బందు గాలేదని జెప్పమ్మా. ఇంజనే ఆగింది, బండి నడుస్తనే ఉంది” అన్నాడు కొడుకు.

“ఇంజన్ ఆగినంక బండెట్ల నడుస్తదో అడుగు.”

“బ్యాటరీ ఉందని జెప్పు.”

“అయ్యో, నేనేమన్న టెలిఫోన్ డబ్బానా! ఇద్దరికీ నోర్లు లేవా?” అన్నాను. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఉన్నాను కానీ నా కన్ను ఆయన కాలు మీద పడింది. కొడుకు బ్రేకు తొక్కాల్సిన చోటల్లా ఈయన కుడి పాదం ముందు సీటు కింద నేలను తొక్కుతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బండి ఆగగానే నాకంటే ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీసేవాడు. నలభై ఏళ్ల అలవాటు. నేను పళ్లు బిగబట్టి, “దిగకు, కూసో. జనం సూస్తరు” అనేదాన్ని. తర్వాత తర్వాత దిగడం మానేశాడు. ఎవరైనా వచ్చి తలుపు తీసేదాకా అట్లాగే కూర్చునేవాడు. అది చూసి, ఇప్పుడు సేఠ్‌లాగా ఉన్నాడని నేను సంతోషపడ్డాను. బిడ్డా, ఆ ముక్క కొట్టేయకు. సంతోషపడ్డాను అనే రాయి.

బండితో వచ్చిన పుస్తకం నీతోనే కదా చదివించుకున్నాడు. పేజీ పేజీ. నువ్వు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబితే, తలూపుతూ, “మల్ల ఓపారి జెప్పు బిడ్డా” అనేవాడు. ఏ బటన్ దేనికో అంతా నేర్చుకున్నాడు. పక్కింటి గాజుల దుకాణం ఆయన, లాడ్ బజార్‌కు పోతూ పోతూ స్కూటర్ ఆపి, “క్యా భాయ్, ఫోన్ లెక్క దీనికి చార్జింగ్ బెట్టాల్నా?” అని అడిగితే, మా ఆయన గుడ్డ పిండుతూ, “అక్కర్లే భాయ్. బ్రేక్ కొట్టినప్పుడల్లా అదే నింపుకుంటది. మస్తు హుషారు బండి” అని, తానే తయారు చేసినట్టు చెప్పేవాడు. దాన్ని రోజూ తుడిచేవాడు. బయటి నుంచి మాత్రమే. చాబీ దగ్గర లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు. చాబీ నా కొంగులో.

చాబీ ఇవ్వమని నన్ను ఎన్నిసార్లు అడిగాడో లెక్క లేదు. అడిగినప్పుడల్లా అదే మాట చెప్పాను, కొడుకు వద్దన్నాడని. ఆఖరి రోజు కూడా.

ఆ పొద్దున చిక్కుడుకాయలు సగం కాలేదు, కింద నుంచి పక్కింటాయన కేక వేశాడు. “భాబీ, జల్దీ రా! భాయ్‌కు ఏమో అయింది!” పోయి చూస్తే మెట్టు మీద ఒరిగి ఉన్నాడు, చేతిలో తడి గుడ్డ. ముఖం నిండా చెమట. పక్కనే బండి. కొంగు విప్పి చాబీ తీశాను. ఎవరికివ్వాలి? కొడుకు ఆఫీసులో ఉన్నాడు. పక్కింటాయనకు స్కూటర్ ఒక్కటే వచ్చు. గల్లీలో ఆ బండిని కదిలించగలిగింది ఆయనొక్కడే, ఆయనే మెట్టు మీద ఒరిగి ఉన్నాడు. నేను చాబీ పట్టుకుని బండి చుట్టూ తిరిగానంట. నాకు గుర్తులేదు, పక్కింటాయన చెప్పాడు. పరుగెత్తి ఆటో తెచ్చింది ఆయనే. ఆటోలో మా ఆయన తల నా ఒళ్లో ఉంది. ఆస్పత్రి గేటు దాకా ఊపిరి ఉంది. లోపలికి పోయేసరికి లేదు.

తిరిగి వచ్చేసరికి బండి ఎట్లా ఉన్నదట్లా ఉంది. అంతా తుడిచాడు. డ్రైవర్ తలుపు అద్దం మీద మాత్రం సబ్బు నురుగు ఎండి, తెల్లగా కనిపించింది. దాన్ని కడగడానికి నేనెవరినీ రానివ్వలేదు.

పదకొండో రోజు పక్కింటాయన నా ఎదురుగా కూర్చుని, చెప్పాలా వద్దా అని నీళ్లు నమిలాడు. “భాబీ, బురా నక్కో మాన్నా, ఏమనుకోకు. భాయ్ నాతోని ఒక్కటే అంటుండె. నలభై ఏండ్లు పరాయోళ్లు వాళ్ల పిల్లల్ని నమ్మి నా చేతిల పెట్టిన్రు, నా కొడుకే నన్ను నమ్ముతలేడు అని. మీ అబ్బాయి మంచోడు గదా, బండి నడపద్దని ఎందుకన్నడు?”

నేను ఏడ్చాను. ఏడుస్తుంటే ఆయన ఇక అడగలేదు. ఆ ఏడుపు వెనక కూడా దాక్కున్నాను నేను.

ఆయన కొడుకు నమ్మలేదనుకుని పోయాడు. కొడుకు, తను తెచ్చింది తండ్రికి నచ్చలేదనుకుని బతుకుతున్నాడు. పోయినాయనకు నేనేమీ చెప్పలేను. ఉన్నవాడికి చెప్పకుండా రేపు సంతకం పెట్టేస్తే, బండితో పాటు ఈ మాట కూడా గల్లీ దాటిపోతుంది, వాడికి ఎప్పటికీ తెలియదు. నాకు కావాల్సింది అదేనని నిన్నటిదాకా అనుకున్నాను. నిన్న సాయంత్రం వాడు అమ్మకం కాగితాలు తెచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. చూపించి, “బాపుకు ఏ బండి దెస్తే నచ్చుతుండెనో అమ్మా” అన్నాడు. ఆ మాట నన్ను అడగలేదు. కాగితాలతో అన్నాడు.

కొడకా, ఇదే బండి. ఇదే నచ్చింది ఆయనకు. పుస్తకమంతా చదివించుకున్నాడు, నీ బిడ్డను అడుగు. నువ్వు ఆయన మోకాలు చూసి తెచ్చావని ఆయనకు తెలియనివ్వలేదు నేను. నువ్వు ఇది చదివాక బండి అమ్ముతావో ఉంచుతావో నీ ఇష్టం. నాతో మాట్లాడకపోయినా నీ ఇష్టమే. నీకు చెప్పకుండా రేపటి కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. ముందు దీని కింద పెడతాను.

ఏడవకు బిడ్డా, సిరా అలుక్కుపోతుంది. మీ నాన్న వచ్చే వేళయింది, మోటార్‌సైకిల్ చప్పుడు ఏ క్షణమైనా వినపడుతుంది. నా పేరు రాయడానికి అడుగున కాస్త జాగా ఉంచావా? పెన్ను ఇటు ఇవ్వు. కాదు, ఆగు. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు నాకు. తొందరపడకు. చాబీ ఇయ్యవే అన్న కాడి నుంచి చదువు.