మా బాబాయి గోత్రాల లింకులు

ఈమధ్య నా ఫోనుకి కొత్త జబ్బు పట్టుకుంది. ఏ లింకు ముట్టుకున్నా "దేనితో తెరవమంటారు?" అని అడుగుతోంది. ఇంట్లో అందరూ విసుక్కుంటారు గానీ నాకు నవ్వొస్తుంది. పిఠాపురంలో మా బాబాయి గుర్తొస్తాడు.

బాబాయి అక్కడి పాదగయ క్షేత్రంలో పితృకార్యాలు చేయించేవాడు. వచ్చిన ప్రతి కుటుంబం గోత్రం, మూడు తరాల పేర్లు నోటుపుస్తకాల్లో రాసిపెట్టడం మా తాతగారి నాటి అలవాటు. పుస్తకాలకి చెదలు పట్టాయి, బాబాయి కళ్ళకి శుక్లాలొచ్చాయి. అప్పట్లో నేను రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుండేదాన్ని. సెలవుల్లో వెళ్ళి, ఒక పాత కంప్యూటర్ ముందు గదిలో పెట్టి, ఇంటిపేరుకొక ఫైలు చొప్పున అన్నీ ఎక్కించాను. టెక్స్ట్ ఎడిటర్‌లో పెద్ద అక్షరాలతో చదువుకోవచ్చు, ఎవరైనా పోతే కింద ఇంకో పేరు చేర్చుకోవచ్చు. ఫైళ్ళన్నిటికీ లింకులతో ఒక పేజీ చేసి, లింకులు నొక్కడమే కాక ఆ పేజీ దిద్దుకోవడం కూడా నేర్పి వచ్చాను. ఆ రెండోది నేర్పకుండా ఉండాల్సింది.

నెల తిరక్కుండానే ఫోన్. "తణుకు నుంచి ఒకాయన తండ్రి సంవత్సరీకానికి వచ్చాడే. ముత్తాత పేరు తెలీదు. నీ లింకులేమో పలకడం లేదు. రేపు పొద్దున రమ్మన్నాను. నా చేత్తో ఆ పేరు తీయలేకపోతే ఇంక ఈ పని మానేస్తాను." మాట నిజంగానే వణికింది. మొదటి రైలెక్కి సామర్లకోట మీదుగా పడుతూ లేస్తూ చేరాను.

చూద్దును కదా, ప్రతి లింకులోనూ ఇంటిపేరు ముందు గోత్రం రాసి, పక్కన కోలన్‌లా రెండు చుక్కలు పెట్టుకున్నాడు. ఆ చుక్కల ముందున్నది, http లాగా, లింకు రకం అని కంప్యూటర్ లెక్క. కాశ్యప అనే రకం దానికేం తెలుసు!

"ఇవి తీసేద్దాం బాబాయ్. ఇవాళ్టికి ఫైలు నేను తెరిచి ఇస్తాను."

"పోయినవాళ్ళ పేరు గోత్రం చెప్పకుండా ఎత్తకూడదే. ఇవాళ నువ్వున్నావు, రేపో? దానికి తెలీకపోతే నేర్పు."

నేర్పాను. కాశ్యప కూడా ఒక లింకు రకమేననీ, నొక్కితే టెక్స్ట్ ఎడిటర్ తెరవాలనీ దేన్ని దేనితో తెరవాలో కంప్యూటర్ రాసిపెట్టుకునే రిజిస్ట్రీలో రాశాను. ఎడిటర్ తెరుచుకుంది గానీ గోత్రాన్ని కూడా ఫైలు పేరులో కలిపేసుకుని, అలాంటి ఫైలు లేదు, కొత్తది సృష్టించమంటారా అంది. "మూడు తరాలవాళ్ళని కొత్తగా పుట్టిస్తుందా ఏంటి!" అని బాబాయి మండిపడ్డాడు. గోత్రాన్ని పక్కనపెట్టి ఇంటిపేరు మాత్రం ఎడిటర్‌కి అందించే చిన్న ప్రోగ్రాం ఒకటి మధ్యలో పెట్టాను. తర్వాత భారద్వాజ, కౌండిన్య, ఇలా ఒక్కో గోత్రానికీ అదే పని. పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారిపోయింది.

అంతలో తణుకు ఆయన తడిపంచెతో వచ్చాడు. "ముత్తాత పేరు మా నాన్నగారికే తెలుసండి. ఆయనే పోయారు కదండీ," అన్నాడు తలొంచుకుని.

నేను కావాలనే గుమ్మం దగ్గర నిలబడ్డాను. బాబాయి ఇంటిపేరు వెతికి, గోత్రం పైకి చెప్పి, మౌస్ నొక్కాడు. ఎడిటర్ తెరుచుకుంది. ముత్తాత పేరు ఖంగుమని చదివాడు. ఆ గొంతు విని నాకు ఒళ్ళు పొంగిపోయింది. తర్వాత ఒంటి వేలితో, ఆయన తండ్రి పేరు తనే చివర్న కొట్టాడు.

తణుకు ఆయన ముత్తాత పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఆ ముత్తాత పోయి ఎన్నేళ్ళయిందో మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు. కానీ మునిమనవడు పేరుపెట్టి పిలిచిన ఆ పూట, మధ్యలో అంత కాలం గడిచిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.