కళ్లు తెరవని అమ్మవారి ఊపిరి

నా చిన్నప్పుడు, ఒక సాయంత్రం, కళ్లు తెరవని రాతి విగ్రహం ఊపిరి తీసుకోవడం చూశాను.

మా తాతయ్య ఆళ్లగడ్డలో శిల్పి. రాతిపొడి ఇంట్లోకి రాకుండా ఆయన పనిచేసే ఆవరణ ఊరి అంచున ఉండేది. మిద్దె ఎక్కితే దూరంగా కనిపించేది. ఆ రోజు అక్కడ ఒక అమ్మవారు నిలబడి ఉంది. మా తాతయ్య పాటించే ఆచారం ప్రకారం కళ్లు చివరన, గుడిలో నిలబెట్టే వేళనే తెరుస్తారు. అంతవరకు అది రాయే. అందులో ప్రాణం ఉండకూడదు. బండి ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన దాన్ని తీసుకుపోవడానికి వచ్చి మా ఇంట్లోనే దిగాడు.

నంద్యాలలో పాఠాలు చెప్పే మా మామ మిద్దె మీద టెలిస్కోపు నిలబెట్టి, చంద్రుడు పైకి వచ్చేదాకా అందులో ఏదైనా చూస్తూ ఉండమని నాకు చెప్పాడు. దానికి జూమ్ ఐపీస్ ఉండేది. కంటి దగ్గరి వలయం తిప్పేకొద్దీ దూరపు వస్తువు పెద్దదవుతుంది, వెలుతురు తగ్గుతుంది, ఫోకస్ మళ్లీ సరిచేసుకోవాలి. అందులో లోకమంతా తలకిందులే. నేను గొట్టాన్ని గుండెకు ఆనించుకుని అమ్మవారి వైపు గురిపెట్టి వలయాన్ని చివరిదాకా తిప్పాను. మసకలో, చూపులేని ఆ నున్నటి ముఖం పైన, తలకిందులుగా వేలాడుతున్న ఛాతీ మెల్లగా లేచింది, దిగింది. మళ్లీ లేచింది. నేను కేక పెట్టి ఇంట్లో అందరినీ మిద్దె మీదికి పిలిచాను.

ముందుగా పెద్దాయన, నాలాగే గొట్టాన్ని రెండు చేతులా గుండెకు పొదివి పట్టుకుని, చాలాసేపు చూశాడు. వెనక్కి జరిగి తాతయ్య వైపు తిరిగాడు.

“కండ్లు తెరవకముందే ఊపిరి తీస్తాంది. ఈయమ్మ మాకొద్దప్పా.”

ఒక ఊరు కాదన్న విగ్రహాన్ని మరో ఊరు ముట్టదు. నెలల తరబడి చెక్కిన అమ్మవారు ఆ ఒక్క మాటతో దిక్కులేనిదయ్యేది. “రాయి ఊపిరి తీస్తే నా ఉలికి తెలీదా?” అని గొణిగి తాతయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మామ వాదించలేదు. వలయాన్ని వెనక్కి తిప్పి, బొటనవేలంత అయిన అమ్మవారు కదలకుండా ఉండటం చూపించాడు. నిద్రపోయే మనిషి కూడా దూరం నుంచి కదలనట్టే కనిపిస్తాడని పెద్దాయన అన్నాడు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. మామ కూడా దాన్ని అంగీకరించి, విగ్రహాన్ని మళ్లీ పెద్దది చేసి, గొట్టాన్ని ముందులాగే పట్టుకొమ్మన్నాడు.

“ఇప్పుడు నీ ఊపిరి బిగబట్టు, పెద్దాయనా.”

పెద్దాయన గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, కన్ను ఆనించాడు.

“ఆగిపాయ,” అన్నాడు పెద్దాయన.

ఊపిరి వదలగానే అమ్మవారి ఛాతీ మళ్లీ కదిలింది. ఆయన గుండెకు ఆనిన గొట్టం వెంట్రుకవాసి కదిలితే, ఐపీస్ ఆ కదలికను కూడా పెద్దది చేసి చూపుతోంది. పెద్దాయన పదేపదే పరీక్షించుకుని, చివరికి తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. “నా ఊపిరే ఆడ ఆడతాండేది.” మరునాడు ట్రాక్టరులో గడ్డి పరిచి విగ్రహాన్ని తీసుకుపోయాడు.

ఆయన మిద్దె దిగాక నేనూ ఊపిరి బిగబట్టి చూశాను. రాయి ఆగింది. కారణం తెలిసినా భయం తగ్గలేదు. చూపులేని ఆ ముఖమూ నేనూ ఒకే ఊపిరిని పంచుకుంటున్నాం.

ఇప్పటికీ ఏదైనా నన్ను భయపెట్టేంత పెద్దదిగా కనిపిస్తే, ముందు ఊపిరి బిగబట్టి చూస్తాను. చాలామటుకు నాతోపాటే ఆగిపోతాయి. ఆగనివాటినే నమ్ముతాను.