గంగారంలో పని చేయని యూఎస్‌బీ పోర్టులు

2023, దసరా మరుసటి ఉదయం. మహబూబాబాద్‌లో మా ఇంట్లో, జ్వరంతో ఉన్న పాపను భుజాన వేసుకుని తిప్పుతుండగా గంగారం నుంచి రమేశన్న ఫోన్ చేశాడు. అక్కడ ఆన్‌లైన్ సెంటర్ ఆయనది. అందులోని లినక్స్ కంప్యూటర్‌ను చూసుకునేది నేను.

"చెల్లె, కీబోర్డు లేదు, మౌసు లేదు, పెన్‌డ్రైవ్ లేదు. ఆపి ఆన్ చేసిన, అయినా అంతే. నువ్వు మొన్న ఏదో అప్‌డేట్ అన్నవ్, గదే కొంప ముంచింది."

ఆయన పక్కన సుజాత అనే అమ్మాయి ఏడుపు మొహంతో నిలబడి ఉందట. నర్సింగ్ సీటుకు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడానికి ఆ రోజే ఆఖరు. అవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. పండుగకని చుట్టుపక్కల సెంటర్లన్నీ మూసేశారు. పాపను వదిలి నేను వెళ్లలేను.

నిజంగానే నా అప్‌డేట్ వల్లేనా?

కీబోర్డు పోయినా నెట్ ఉంది. ఇలాంటి రోజు కోసమే ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే దారి, ముందే పెట్టి ఉంచాను. పాపను ఒళ్లో వేసుకుని లోపలికి వెళ్లాను. యూఎస్‌బీ డ్రైవర్లన్నీ లోడై ఉన్నాయి. అప్‌డేట్ తప్పేం లేదు. తర్వాత dmesg కొట్టాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ తనకు జరిగింది రాసుకునే లాగ్ అది. అందులో ఒకటే మాట మళ్లీ మళ్లీ: ఓవర్ కరెంట్. ఏదో పోర్టులో షార్ట్ అవుతోంది, అందుకే మదర్‌బోర్డు పోర్టులన్నిటికీ కరెంటు ఆపేసింది.

"అన్నా, నిన్న ఆయుధ పూజ మంచిగ అయిందా? కంప్యూటర్‌కు బొట్లు పెట్టిండ్రా?"

"పెట్టకుంట ఉంటమా! అవ్వనే పెట్టింది."

వెనక నుంచి రమేశన్న వాళ్ల అవ్వ గొంతు వినిపించింది. "పనంత గా సందులల్లనే అయితదంటివి గదరా. గందుకే గాడ్నే నిండుగ పెట్టిన!"

ముందరి పోర్టుల నిండా తడి పసుపు! ప్లగ్ తీయించి, మూత విప్పించి, వీడియో కాల్‌లో చూస్తూ ముందరి పోర్టుల వైరును మదర్‌బోర్డు నుంచి పీకమన్నాను.

"పొగ గిన వస్తె నీదే పూచీ, చెల్లె."

"నాదే. పీకు."

ఆన్ చేయగానే వెనక పోర్టులో ఉన్న కీబోర్డు లైటు వెలిగింది. కాసేపటికి సుజాతే ఫోన్ అందుకుంది. "అక్కా, సబ్మిట్ అయింది!"

లాగ్ చదవడం నాకు ముందే వచ్చు. ఆ రోజు నేర్చుకున్నది అడిగే తీరు. "ఎవరు పాడు చేసిండ్రు?" అని అడిగి ఉంటే అవ్వ నోరు విప్పేది కాదు.