ఎగిరేవాడికి జోలపాట

ఆయాసానికి మందు పట్టే నెబ్యులైజర్ మీట నొక్కగానే వచ్చే ఆ సన్నని హోరు నాకు కొత్తది కాదు. పాట మొదలయ్యే ముందు క్యాసెట్టులో అచ్చం ఇలాంటి హోరే వినిపించేది. నాలుగేళ్ల మా వాడి ముఖానికి మాస్కు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా, కర్నూలులోని ఈ అద్దె ఇల్లు కాసేపు మరిచిపోతాను. కమలాపురంలో మార్తక్క గది గడప మీద ఉంటాను.

చర్చి వెనక సందులో ఒకటే గది ఆమెది. గోడ నుంచి గోడకు కట్టిన తాడు మీద పాత కామిక్స్ పుస్తకాలు వేలాడేవి. కింద ఒక టేప్‌రికార్డరు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు. ఊళ్లో అందరూ సీడీలు కొనుక్కుని క్యాసెట్లు పారేస్తున్న రోజుల్లో ఆమె వాటిని సంచులతో ఇంటికి తెచ్చుకుంది. వారమంతా వేరుసెనగ చేలల్లో కూలికి పోయేది. ఆదివారం ఆరాధన ముగిశాక గది తెరిచేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కానీ ఆమె దగ్గర పుస్తకం తెచ్చుకోవాలంటే ఒక పరీక్ష ఉండేది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ కథలోని వీరుడికి ఏ పాత పాట సరిపోతుందో చెప్పాలి. పాట చెబితే చాలదు, ఎందుకో కూడా చెప్పాలి. చెబితే ఆ పాట వేసి వినిపించేది, చెప్పకపోతే ఇంకో పుస్తకం దొరకదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఎవరు ఏమడిగినా నా బదులు అమ్మే జవాబు చెప్పేది. నేను మొదటి పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడూ వెంట వచ్చింది.

"ఏ పాట పాపా?" అంది మార్తక్క.

"దానికేం తెలుస్తాది మార్తా, ఏదో ఒకటి ఎయ్యి," అంది అమ్మ.

"నువ్వు గమ్మునుండు వదినా. పుస్తకం చదివింది నువ్వా, ఈ పాపా?"

"అది మాట్లాడదులే. శానా సిగ్గు."

"సిగ్గేం కాదు, నువ్వు సందిస్తే గదా!"

అమ్మకు కోపం వచ్చింది, నన్ను అక్కడే వదిలి వెళ్లిపోయింది. మార్తక్క మోగుతున్న పాటను ఆపి, చాటలో వేరుసెనగలు పోసుకుని ఒలుస్తూ కూర్చుంది. నేను పుస్తకం అంచు నలుపుతూ నిలబడ్డాను. ఆమె తిట్టలేదు, తొందర పెట్టలేదు. చీకటి పడుతుంటే, "అదే పుస్తకం తీసుకపో. మళ్లీ ఆదివారం రా," అంది. అలా మూడు వారాలు గడిచాయి.

ఆ పుస్తకం అట్ట, ముందు పేజీలు చిరిగిపోవడంతో అందులోని వీరుడి పేరు ఎవరికీ తెలియదు. పిల్లలందరికీ వాడు 'ఎగిరేటోడు'. మగపిల్లలు వాడికి డప్పులు దద్దరిల్లే పాటలే ఇచ్చేవారు. నాలుగో ఆదివారం నేను, "జోలపాట," అన్నాను.

మెట్ల మీద కూర్చున్న వాళ్లంతా గొల్లుమన్నారు. "ఒరేయ్, ఎగిరేటోనికి జోలపాటంట! ఉయ్యాల యాడ కడతావు మే, మబ్బుకా?"

మార్తక్క నవ్వలేదు. వాళ్లను కసరనూ లేదు. "ఎందుకు?" అంది, మళ్లీ చాట ముందుకు లాక్కుంటూ. ఎన్ని కాయలు ఒలిచిందో నాకు తెలియదు.

"రాత్రంతా ఊరికి వాడే కావలి," అన్నాను చివరికి. "అందరూ పండుకుంటారు. వాన్నెవరు పండబెడతారు?"

ఆమె లేచి, పెట్టెలో వెతికి, ఒక పాత జోలపాట వేసింది. అది ముగిశాక, నన్ను ఉయ్యాల గురించి అడిగినవాడే, "ఇంగోసారి ఎయ్యి మార్తక్కా," అన్నాడు. మార్తక్క ఆ క్యాసెట్టు మీద కాగితం అంటించి, వంకర అక్షరాలతో నా పేరు రాసింది. సాయంత్రం అమ్మ వస్తే ఒకటే మాట చెప్పింది. "మీ పాప నాకు తెలీంది చెప్పింది వదినా."

తర్వాత కడప కాలేజీలో నిలబడి మాట్లాడి బహుమతులు తెచ్చుకున్నాను. వాటిలో ఏదీ ఆ మాటకు సాటి రాలేదు. మార్తక్క పోయి ఆరేళ్లవుతోంది. ఇప్పటికీ ఆమె పేరు తలిస్తే నా వీపు దానంతటదే నిటారవుతుంది.

అయినా తల్లినయ్యాక నేను మా అమ్మనే అయ్యాను. డాక్టరు మా వాడిని అడిగితే జవాబు నేను చెబుతాను. వాడి ఆయాసం కంటే నన్ను భయపెట్టేది ఇదే: నా గొంతు వెనక వాడి గొంతు చిక్కుకుపోతుందేమోనని.

పోయిన వారం డాక్టరు, "ఏం బాబూ, ఎట్లుండాది?" అని అడిగినప్పుడు మాట నా పళ్ల దాకా వచ్చింది. ఆపుకున్నాను. డాక్టరు నా వైపు చూశాడు. నేను మా వాడి వైపు చూశాను. ఒడిలో నా వేళ్లు లేని వేరుసెనగలు ఒలుస్తున్నాయి.

"పండుకుంటే ఈడ పిల్లి అరుస్తాది," అన్నాడు వాడు, ఛాతీ మీద చెయ్యి పెట్టి. "కూర్చుంటే పోతాది."

డాక్టరు మళ్లీ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. "ఈ సంగతి మీరెప్పుడూ చెప్పలేదే అమ్మా?" అంటూ మందు మార్చాడు.

"నాకు తెలీదు సార్," అన్నాను. సిగ్గుపడవలసిన మాటే. కానీ గర్వంగా అన్నాను.

ఈ రాత్రి మాస్కు పెడుతూ వాడిని అడిగాను, ఈ ముసుగు వీరుడికి ఏ పాట కావాలని, ఎందుకని. యంత్రం హోరు ఆగింది, వాడు నిద్రపోయాడు, నేను ఇది రాస్తూ కూర్చున్నాను. జవాబు ఇంకా రాలేదు. ఆదివారం దాకా ఆగుతాను.