ముందే చెల్లించిన మొక్కు

మా మేనత్త పోయింది. పెన్‌పహాడ్‌లో పొలం గట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే సూర్యాపేట దవాఖానలో చేర్చారు. ఇక ఇంటికి రాలేదు. ఒక పొద్దున ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అమ్మ లేదు, రా" అని పెట్టేశాడు.

కోదాడలో నా బ్యూటీ పార్లర్‌కు వచ్చేవాళ్లలో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. బోర్డు మీద మా అమ్మాయి పేరు ఇంతింత అక్షరాలతో రాయించాను. ఎవరైనా ఆ పేరు పలికితే ఒట్టు. అందరికీ అది "గుండవ్వ పార్లర్". ఆ గుండవ్వ మా మేనత్తే.

అంతకుముందు నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. పిల్లలు తగ్గారని మానిపించారు. నలభైకి దగ్గరపడ్డాక, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు అమ్మాయి పక్కన నిలబడి కనుబొమలు దిద్దడం నేర్చుకున్నాను. దారం మాటిమాటికీ తెగేది. ఏడుపొచ్చేది. మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తా అయిన మా ఆయనకు ఇదేదీ నచ్చలేదు.

"టీచరమ్మా అని దండం పెట్టినోళ్ల మొకాలు రుద్దుతవా? సరే, శ్రావణం పోయేదాక సూస్త. నడవకపోతే తాళమేసి మిర్యాలగూడ వచ్చెయ్" అన్నాడు.

శ్రావణం పెళ్లిళ్ల కాలం. అప్పటికీ పెళ్లికూతుళ్లు రాకపోతే ఇంకెప్పటికీ రారని నాకూ తెలుసు.

షాపు తెరిచిన రోజు మేనత్త బస్సు దిగి వచ్చి, కుర్చీలో కూర్చుని నెత్తిమీది కొంగు తీసింది. నున్నటి గుండు, దాని మీద గంధం. కృష్ణ ఒడ్డున నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చి నేరుగా వచ్చిందట, నా షాపు నడవాలని. నేను పిలిచిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జుట్టు దువ్వే షాపులో మొదటి బేరం గుండు. నాకు తల తీసేసినట్టయింది.

"షాపు నడిచినంక ఇస్తరు గద అత్తా, మొక్కు" అన్నాను పళ్లు బిగబట్టి.

"అయినంక ఇచ్చేది కూలి, బిడ్డా. ఆయన నాకు కూలోడా?"

ఆమె పద్ధతే అంత. ఒకసారి బోరు వేయించక ముందే ఊళ్లోవాళ్లను పిలిచి అన్నం పెట్టింది. ఆ బోరులో చుక్క నీరు పడలేదు. పెట్టిన అన్నం మాట ఆమె మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

వెంటనే ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. మేనత్త ఊరికి పోకుండా నా దగ్గరే ఉండి, పొద్దస్తమానం షాపు మెట్టు మీద కూర్చునేది. ఆమె తల మీద తెల్లగా వెంట్రుకలు మొలుస్తుంటే నేను గడిచిన రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. శ్రావణం కూడా సగమైంది. ఆదివారం మా ఆయన వచ్చి బల్ల మీద వేళ్లతో కొడుతూ కూర్చునేవాడు. నోరు తెరిచి ఏదన్నా అంటేనే నయమనిపించేది.

ఒక మధ్యాహ్నం నేను ఆగలేకపోయాను. "ఏడి నీ నరసింహసామి? నీ ఎంటికలు మొలిసినయి గని నా షాపు మొలవలే" అని అరిచాను.

ఆమె మెట్టు మీంచి లేచి చీపురు నా చేతికిచ్చింది. "ఇచ్చినంక అడగొద్దు బిడ్డా. అడిగితే అది ఇచ్చినట్టు గాదు. పో, షాపు ఊడువు" అంది. కడుపు మండిపోయింది. అయినా ఊడ్చాను.

ఎదురుగా బస్సు కోసం నిలబడే ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. ఒకామె ఉండబట్టలేక, "ఏం మామ్మా, ఈ పార్లర్లోనే ఇట్లా చేశారా?" అని అడిగింది.

"ఔ, మా మేనకోడలు జేసింది. నీకూ జేస్తది రా" అంది మేనత్త.

అడిగినామె నవ్వుతూ మెట్లెక్కింది. ఆ వారంలోనే ఆమె చెల్లెలి పెళ్లి. ఆ చెల్లెలే నా మొదటి పెళ్లికూతురు. ఆ పెళ్లిలో చూసినవాళ్లు మరికొందరు వచ్చారు. శ్రావణం పోయింది, మా ఆయన తాళం మాట ఎత్తలేదు. దేవుడు చేశాడో, మెట్టు మీది ముసలిది చేసిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమెను దవాఖానలో చేర్చాక, ఏమీ చెప్పలేమని డాక్టర్లు అన్నాక, నేనూ ఆ కృష్ణ ఒడ్డుకే పోయాను. ఆమె లేచి కూర్చున్నాక ఇస్తానని మొక్కుకుని వచ్చేద్దామనుకున్నాను. నాది జుట్టుతో బతికే పని. తలనీలాలు తీసే కల్యాణకట్ట ముందు నిలబడ్డాను. లేచాక ఇస్తాననే మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం గుర్తొచ్చి అనలేకపోయాను. వెళ్లి కూర్చున్నాను. గుండు ఇంకా తడిగా ఉండగానే బావ ఫోన్ వచ్చింది.

దేవుడి మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. "ఉత్తగనే ఇచ్చినవు గదనే" అని చుట్టాలు నొచ్చుకున్నారు. నేను మాత్రం ఆ దేవుణ్ని ఏమీ అడగలేదు.

దినాలయ్యాక షాపు తెరిచాను. బీరువాలో విగ్గులున్నాయి, తీయలేదు. మొన్న ఒక పెళ్లికూతురు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం మొక్కు అక్కా? అనుకున్నది అయిందా?"

"కాలేదు" అన్నాను.

తల్లి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఆ పిల్ల కాసేపు నా తల వైపే చూసింది. తర్వాత చెయ్యి విడిపించుకుని లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని జడ విప్పుకుంది.